బీటెక్ ఫస్టియర్‌కి ఏ ల్యాప్‌టాప్? ముందు ల్యాబ్ సంగతి చూద్దాం

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, గ్యాడ్జెట్ల గురించి రాసే వాళ్లందరి ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. "అన్నా, సీఎస్ఈలో సీటొచ్చింది. 50 వేలలో మంచి ల్యాప్‌టాప్ చెప్పు." కొందరు 60 అంటారు, కొందరు ఈఎంఐ అంటారు. ఐ5 మంచిదా రైజెన్ 5 మంచిదా, 8 జీబీ సరిపోతుందా 16 కావాలా, గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే కోడింగ్ కష్టమా అని కూడా అడుగుతారు. గ్రాఫిక్స్ కార్డ్ ఎందుకు అడుగుతున్నారో మనకు తెలుసు. ఇంట్లో వాళ్లకే తెలియదు.

స్పెక్స్ టేబుల్ పెట్టి నాలుగు మోడళ్ల పేర్లు చెప్పేస్తే పని అయిపోతుంది. కానీ ఈసారి నేను వేరే మాట చెప్తా. ఫస్టియర్ ప్రోగ్రామింగ్ సబ్జెక్ట్ కోసమే అయితే ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకండి. ఆ సబ్జెక్ట్‌లో పిల్లలు వెనకబడేది మెషీన్ లేక కాదు. ల్యాబ్‌లో వారానికి మూడు గంటలు వాళ్లతో చేయిస్తున్న పని వల్ల. ఆ పని మారకపోతే లక్ష రూపాయల మెషీన్ పెట్టినా వచ్చేది అదే. మారితే మీ జేబులో ఉన్న 10 వేల ఫోన్ చాలు.

మాది రుద్రూర్. నిజామాబాద్ జిల్లా, బాన్సువాడ నియోజకవర్గం. నిజాంసాగర్ నీళ్లతో వరి పండే ప్రాంతం. ఊళ్లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది. ఇక్కడ 50 వేలంటే ఎంతో వడ్లలో లెక్కకట్టి చెప్తా. 2025-26కి గ్రేడ్ ఏ వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. అంటే ల్యాప్‌టాప్ ఒకటికి దాదాపు 21 క్వింటాళ్లు. దాదాపుగా ఒక ఎకరం పంట, అది కూడా దున్నకం, నాట్లు, మందులు, కోత ఖర్చులు తీయకముందు. "పిల్లాడు కంప్యూటర్ చదువుతుండు, కంప్యూటర్ లేకపోతే ఎట్ల" అని అప్పు చేసి కొనే ఇళ్లు నాకు తెలుసు. కొన్న ఆరు నెలలకి ఆ ల్యాప్‌టాప్‌లో సినిమాలు తప్ప ఏమీ నడవని ఇళ్లు కూడా తెలుసు. దానికి పిల్లాడి బద్ధకం కారణం అని అందరూ అంటారు. నేను అనను.

గోదావరి అవతల బాసరలో ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో మొదలైనప్పుడు పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదివిస్తామని చెప్పారు. అప్పట్లో అది చాలా పెద్ద మాట. మిగతా ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరే పిల్లలకు ల్యాప్‌టాప్ ఎవరూ ఇవ్వరు. వాళ్ల దగ్గర ఉండేది ఒక ఆండ్రాయిడ్ ఫోన్. కాలేజీ గేటు దగ్గర దాన్ని స్విచాఫ్ చేయమంటారు.

అవుట్‌పుట్ ముందే రాసేసే ల్యాబ్

జేఎన్టీయూ హైదరాబాద్ 2016 రెగ్యులేషన్‌లో ఈ సబ్జెక్ట్ పేరు 'కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ఇన్ సి'. 2018లో ఏఐసీటీఈ మోడల్ సిలబస్ వచ్చాక 'ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్' అని మార్చారు. పేరు చాలా బాగుంది. కోడ్ రాయడం కాదు, సమస్య పరిష్కరించడం నేర్పుతాం అని అర్థం. ఒక్క సీఎస్ఈ వాళ్లకే కాదు, సివిల్, మెకానికల్, ఈఈఈ, దాదాపు ఏ బ్రాంచ్ తీసుకున్నా మొదటి ఏడాదిలో ఇలాంటి సబ్జెక్ట్ ఒకటి తగులుతుంది.

ఇక ల్యాబ్‌లో జరిగేది. నేను చదివిన కాలేజీ పేరు అనవసరం, ఎందుకంటే వేరే కాలేజీల్లో చదివిన నా ఫ్రెండ్స్ చెప్పేది కూడా ఇదే. ముందు అబ్జర్వేషన్ బుక్. ఒక పక్క ఫ్లోచార్ట్, ఇంకో పక్క ప్రోగ్రామ్, కింద అవుట్‌పుట్. సీనియర్ల బుక్ చూసి దించుతాం. సంతకం అయ్యాక సిస్టమ్ దగ్గర కూర్చుని అదే టైప్ చేస్తాం. ఎర్రర్ వస్తే సెమికోలన్ ఎక్కడ పోయిందో వెతుకుతాం. తర్వాత రికార్డ్. మళ్లీ మొత్తం చేత్తో రాయడం, మార్జిన్లు కొట్టడం, స్కెచ్ పెన్‌తో హెడ్డింగులు. మళ్లీ సంతకం.

ఇందులో ఒక విచిత్రం గమనించారా? ప్రోగ్రామ్ రన్ చేయకముందే అవుట్‌పుట్ రాసేశాం. ఫిజిక్స్ ల్యాబ్‌లో లోలకం ఊపకముందే రీడింగులు రాస్తే అది దొంగ రీడింగ్ అంటారు. ఇక్కడ దాన్నే పద్ధతి అంటున్నారు. నేర్చుకునేదంతా ఆ రెండింటి మధ్యే ఉంటుంది. నేనేం వస్తుందనుకున్నాను, అసలు ఏం వచ్చింది, ఎందుకు తేడా వచ్చింది. రాసినది రాసినట్టే వచ్చే ల్యాబ్‌లో ఆ తేడా చూసే అవకాశమే ఉండదు.

దీనికి తోడు టర్బో సి. చాలా కాలేజీలు వదిలేశాయి, కానీ ఇంకా ఆ నీలం స్క్రీన్ కనిపించే ల్యాబ్‌లు ఉన్నాయి. బోర్లాండ్ కంపెనీ 1990ల మొదట్లో డాస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్ అది. 16 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి ఇప్పటి 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవదు. డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్ పెట్టి నడిపిస్తారు. దానికోసం నేర్పే కోనియో హెడర్, స్క్రీన్ క్లియర్ చేసే కమాండ్, వాయిడ్ మెయిన్ లాంటివి సి భాష ప్రమాణంలో లేనే లేవు. మనమేమో ఇక్కడ ఆండ్రాయిడ్ 16 అప్‌డేట్ ఏ ఫోన్‌కి ఎప్పుడొస్తుందని కొట్టుకుంటాం, ఉదయం వెళ్లి మనం పుట్టకముందు ఎడిటర్‌లో పరీక్ష రాస్తాం.

సిలబస్‌నే తిట్టాల్సిన పనిలేదు. 2018 ల్యాబ్ సిలబస్‌లోనే ఉచితంగా దొరికే ఏ ఐడీఈ అయినా వాడుకోవచ్చని రాశారు. కోడ్‌లైట్, కోడ్ బ్లాక్స్, డెవ్ సీపీపీ పేర్లు కూడా ఇచ్చారు. అనుమతి ఉంది. అలవాటే పోవడం లేదు.

తప్పు జవాబు విలువ

ల్యాబ్ లిస్ట్‌లో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ ఉంటుంది. 5 ఇస్తే 120 వస్తుంది, సంతకం పడుతుంది, అయిపోతుంది. నిజానికి ఆ ప్రోగ్రామ్‌లో అసలు కథ 120 తర్వాతే మొదలవుతుంది.

టర్బో సిలో ఇంట్ అంటే 2 బైట్లు. 32,767 వరకే పడుతుంది. 7 ఫ్యాక్టోరియల్ 5,040, బాగానే వస్తుంది. 8 ఇవ్వండి. 40,320 రావాల్సిన చోట మైనస్ 25,216 వస్తుంది. అన్నీ పాజిటివ్ అంకెలే గుణిస్తే మైనస్ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ఒక్క ప్రశ్నతో మెమరీ, బిట్లు, డేటా టైపులు అన్నీ చెప్పొచ్చు. బోర్డు మీద "ఇంట్ 2 బైట్స్, ఫ్లోట్ 4 బైట్స్" అని పట్టిక రాసి బట్టీ పట్టించడం కంటే ఎంతో నయం.

ఇప్పుడు అదే ప్రోగ్రామ్ మీ ఫోన్‌లో రన్ చేయండి. ఇంట్ 4 బైట్లు, గరిష్ఠం 2,14,74,83,647. 12 ఫ్యాక్టోరియల్ 47,90,01,600. కరెక్ట్. 13 ఇస్తే సాధారణంగా 1,93,20,53,504 చూపిస్తుంది. రావాల్సింది 6,22,70,20,800. ఇది మైనస్ కంటే ప్రమాదం. మైనస్ వస్తే ఎవరైనా ఏదో తేడా కొట్టింది అనుకుంటారు. ఇది మాత్రం మామూలు అంకెలా, చాలా నమ్మకంగా కనిపిస్తుంది.

మరి తప్పని ఎట్లా పట్టుకోవాలి? 10 ఫ్యాక్టోరియల్ నుంచి పైన ఏది తీసుకున్నా అందులో 2, 5, 10 గుణకాలుగా ఉంటాయి, కాబట్టి చివర కనీసం రెండు సున్నాలు ఉండి తీరాలి. ఇక్కడ చివరి అంకె 4. అయిపోయింది, దొంగ దొరికాడు. ఇది పట్టుకోవడానికి కంప్యూటర్ సైన్స్ అక్కర్లేదు, బడి లెక్కలు చాలు. నేను ఇప్పుడు ఆఫీసులో చేసే పనిలో ఎక్కువ భాగం ఇదే. అంకె చూసి, ఇది ఇలా ఉండకూడదే అనుకోవడం. ఫస్టియర్‌లో ఈ అలవాటు చేయగలిగితే మిగతా సిలబస్ సగం వదిలేసినా నష్టం లేదని నా అభిప్రాయం.

గసాభా తెలిసిన అమ్మాయికి జీసీడీ రాలేదు

గత రెండేళ్లుగా దసరాకి, సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు ఫస్టియర్ పిల్లలు నలుగురైదుగురు మా ఇంటికి వస్తున్నారు. పాఠం అనలేం. అరుగు మీద కూర్చుని వాళ్ల ల్యాబ్ ప్రోగ్రాములే ముందేసుకుంటాం. వాళ్లలో ఒకమ్మాయి టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు సివిల్. "జీసీడీ ప్రోగ్రామ్ వస్తలేదన్నా, మూడుసార్లు చూసిన, మళ్లీ మర్చిపోతున్న" అంది.

మర్చిపోవడానికి అదేమైనా ఫోన్ నంబరా? 84, 36 ఇచ్చి గసాభా కట్టమన్నా. తెలుగు మీడియంలో జీసీడీని గరిష్ఠ సామాన్య భాజకం, ముద్దుగా గసాభా అంటారు. పెన్ను తీసి భాగహారం వేసింది. 84ని 36తో భాగిస్తే శేషం 12. 36ని 12తో భాగిస్తే శేషం సున్నా. "12" అంది. అర నిమిషం కూడా పట్టలేదు. టెన్త్ లెక్కల పుస్తకంలో వాస్తవ సంఖ్యల పాఠంలో యూక్లిడ్ పద్ధతి ఉంటుంది, అదే ఇది.

చేసిందే మూడు గడుల పట్టికలో రాయమన్నా. భాజ్యం, భాజకం, శేషం. మొదటి వరుస 84, 36, 12. రెండో వరుస 36, 12, 0. రెండో వరుసలోకి 36 ఎక్కడి నుంచి వచ్చింది? "పైన భాజకం ఇటు జరిగింది." 12? "పైన శేషం." ఎప్పుడు ఆపావు? "శేషం సున్నా అయినప్పుడు." అంతే, వైల్ లూప్ అయిపోయింది. లూప్‌లో ఉండే మూడు లైన్లు తన నోటితోనే చెప్పింది. ఫోన్‌లో టైప్ చేసి రన్ చేసింది, 12 వచ్చింది.

తర్వాత తనే ఒక ప్రశ్న వేసింది. "ముందు చిన్న నంబర్ ఇస్తే? 36, 84 అని?" రన్ చేయకముందు చేత్తో చూడమన్నా. 36ని 84తో భాగిస్తే భాగఫలం సున్నా, శేషం 36. రెండో వరుసలో 84, 36. "అరె, అదే తిరగబడింది!" చిన్నదీ పెద్దదీ చూసి మార్చడానికి ఇఫ్ అక్కర్లేదని ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది. ల్యాబ్ మాన్యువల్స్‌లో ఆ అనవసరమైన ఇఫ్ పెట్టి రాసినవి నేను చూశాను.

ఈ అమ్మాయికి రానిది ప్రోగ్రామింగ్ కాదు. 'జీసీడీ ప్రోగ్రామ్' అనే ఇరవై లైన్ల పద్యం రాలేదు. తనకు వచ్చిన విద్యనే వేరే పేరుతో, వేరే భాషలో ముందు పెట్టారు. ఇది నీకు తెలిసిందే అని చెప్పలేదు. చరరాశి, స్థిరరాశి, ప్రమేయం, మాత్రిక, శ్రేఢి. ఈ మాటలు వాళ్లు బళ్లో, ఇంటర్‌లో విన్నవే. వేరియబుల్, కాన్‌స్టంట్, ఫంక్షన్ అన్నప్పుడు పక్కన ఒక్కసారి ఆ మాట అంటే లెక్చరర్‌కు పట్టేది రెండు సెకన్లు.

ఆ వంతెన ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. లెక్కల్లో చరరాశి అంటే ఇంకా తెలియని విలువ. సిలో అది ఒక గడి, అందులో విలువ మారుతూ ఉంటుంది. అందుకే 'ఎక్స్ = ఎక్స్ + 1' చూడగానే లెక్కలు బాగా వచ్చిన పిల్లలకే ఎక్కువ అనుమానం వస్తుంది. ఒకబ్బాయి నన్ను అడిగాడు, "రెండు దిక్కుల ఎక్స్ కొట్టేస్తే సున్నా సమానం ఒకటి అయితది కదన్నా?" ఎంత మంచి ప్రశ్న! క్లాసులో అడిగితే "అది అంతే, గుర్తుపెట్టుకో" అన్నారట.

దానికి మా దగ్గర జవాబు కొనుగోలు కేంద్రంలో ఉంది. వడ్ల కాంటా దగ్గర ఒకరు నోట్‌బుక్ పట్టుకుని నిలబడతారు. బస్తా కాంటా దిగగానే పాత లెక్క చూసి, ఒకటి కలిపి, కొత్త లెక్క వేస్తారు. లెక్క = లెక్క + 1. అది సమీకరణం కాదు, చేయాల్సిన పని. కుడి పక్కది ముందు చూడు, వచ్చింది ఎడమ పక్క గడిలో వెయ్యి. అక్కడి నుంచే ఇఫ్ కూడా చెప్పా. వడ్లలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు, ఆరబెట్టి తెమ్మంటారు. కోడ్ రాశాక అడిగా, సరిగ్గా 17 ఉంటే? నలుగురూ ఒకేసారి "తీసుకుంటరు" అన్నారు. మరి మీరు రాసిన కోడ్ తీసుకుంటదా? ఇద్దరిది తీసుకోలేదు, గుర్తు తప్పు పెట్టారు. ఆ గుర్తు తప్పైతే ఎవరి బస్తాలు వాపస్ వస్తాయో వాళ్లకు నేను చెప్పాల్సిన పని పడలేదు. ఇలాంటి హద్దుల దగ్గరి తప్పులతోనే మా ఆఫీసులో ఇప్పటికీ బగ్ టికెట్లు పడుతుంటాయి.

ఇది మన ఒక్కరి సమస్య కాదు

2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ అనే ప్రొఫెసర్, మరికొందరు కలిసి నాలుగు యూనివర్సిటీల్లో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు దాటిన 216 మందికి ఒక పరీక్ష పెట్టారు. చిన్న క్యాలిక్యులేటర్ లాంటి ప్రోగ్రామ్ రాయాలి. 110 మార్కులకు సగటు 22.89. వాళ్లే బిత్తరపోయారు. 2004లో రేమండ్ లిస్టర్ బృందం ఇంకో కోణంలో చూసింది. రాయడం సరే, ఇచ్చిన కోడ్ చదివి ఏం వస్తుందో చెప్పగలరా అని. చాలా దేశాల పిల్లలు అక్కడ కూడా తడబడ్డారు. అంటే చదవడమే సరిగా రాకుండా రాయమంటున్నాం. అక్షరాలు దిద్దకముందు వ్యాసం రాయమన్నట్టు.

సి భాష వల్లే ఇదంతా, పైథాన్ పెడితే అన్నీ సర్దుకుంటాయి అనే వాళ్లు ఉన్నారు. నాకు పైథాన్ ఇష్టమే. కానీ హార్వర్డ్ సీఎస్50 ఇప్పటికీ స్క్రాచ్‌తో మొదలుపెట్టి వెంటనే సిలోకి వెళ్తుంది, ప్రపంచమంతా దాన్ని మెచ్చుకుంటుంది. ఐఐటీ బాంబేలో అభిరామ్ రానడే గారు మొదటి కోర్సును సి++లో చెప్పడానికి సింపుల్‌సీపీపీ అనే లైబ్రరీ చేశారు. మొదటి ప్రోగ్రామ్‌లోనే స్క్రీన్ మీద ఒక తాబేలు నడుస్తూ గీతలు గీస్తుంది. వంద అడుగులు ముందుకు, తొంభై డిగ్రీలు కుడికి, నాలుగుసార్లు. చతురస్రం రాకపోతే తప్పు ఎక్కడుందో కంటికే కనిపిస్తుంది. భాష పాతదే, చెప్పే తీరు వేరు. రికార్డ్ రాయించే పద్ధతిలో పైథాన్ పెడితే పైథాన్ రికార్డ్ వస్తుంది, అంతే తేడా.

ఇప్పుడు ఏఐ వచ్చి ఉన్న కాస్త ముసుగు కూడా తీసేసింది. ల్యాబ్ లిస్ట్ మొత్తం ఫొటో తీసి చాట్‌జీపీటీకో జెమినీకో ఇస్తే రెండు నిమిషాల్లో ప్రోగ్రాములు, ఫ్లోచార్టులు, అవుట్‌పుట్లు అన్నీ ఇచ్చేస్తుంది. అంటే మనం ఇన్నేళ్లు మార్కులు వేసిన పని యంత్రం ఫ్రీగా చేసే పని. దీనికి జవాబుగా రికార్డ్ ఇంకా ఎక్కువ రాయిస్తున్న వాళ్లు ఉన్నారు. నాకైతే అది వరద వస్తుంటే గొడుగు పట్టుకున్నట్టుంది. ఏఐ ఇచ్చిన కోడ్‌లో 13 ఫ్యాక్టోరియల్ తప్పొస్తే పట్టుకునే పిల్లాడు కావాలి. వాడికి చదవడం, అనుమానించడం రావాలి.

లెక్చరర్ల వైపు నుంచి కూడా చూడాలి. సెక్షన్‌కు 60 మంది, ల్యాబ్‌లో సగం సిస్టమ్‌లు నడవవు, ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు రికార్డులు లేకపోతే వాళ్లనే అడుగుతారు. అందుకని రికార్డ్ ఎత్తేయమని నేను అనడం లేదు. అవుట్‌పుట్ అన్న చోట రెండు గడులు పెట్టండి. ఒకటి రన్ చేయకముందు విద్యార్థి అనుకున్నది, రెండోది నిజంగా వచ్చింది. రెండూ ఒకటే అయితే ఒక మార్కు. వేరైతే, ఎందుకు వేరో రెండు లైన్లు రాస్తే రెండు మార్కులు. తప్పుకు ఎక్కువ మార్కులా అంటారేమో. అవును. మా ఊరి పరిశోధన కేంద్రం వాళ్లు కొత్త రకం వరిని ముందు చిన్న మడుల్లో వేసి, ఏది పడిపోతుందో ఏది నిలుస్తుందో రాసుకుంటారు. పడిపోయినవాటి లెక్క కూడా వాళ్లకు పనికొచ్చే లెక్కే. ల్యాబ్ అనే పేరు పెట్టుకున్నాక మనకూ అంతే కదా.

వైవాలో "సి కనిపెట్టింది ఎవరు" అని అడిగే బదులు పది లైన్ల కోడ్ ఇచ్చి, ఇందులో ఒక తప్పుంది, వెతుకు అనండి. 60 మందికి 60 ప్రశ్నలు కావాలంటే, అదిగో, ఏఐ ఉన్నది అందుకే. తప్పులున్న కోడ్ తయారుచేసి పెట్టడంలో దాన్ని మించింది లేదు.

ఇదంతా జరగకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. దసరా సెలవుల నాటికి పిల్లాడు "నాకు కోడింగ్ రాదు" అని తేల్చేసుకుంటాడు. ఆ మాట నాలుగేళ్లు వాడితోనే ఉంటుంది. బ్యాక్‌లాగ్ ఎలాగోలా పోతుంది, ఆ మాట పోదు. డిగ్రీ చేతికొచ్చాక అమీర్‌పేటలో రూమ్ తీసుకుని, అదే ఫర్ లూప్‌కు ఇంకోసారి ఫీజు కడతాడు. అక్కడ సారు తెలుగులో, ఇంగ్లిష్‌లో కలిపి చెప్తే అర్థమవుతుంది. అప్పుడు "ఇంతేనా?" అంటాడు. ఆ "ఇంతేనా" ఫస్టియర్‌లో అనిపించాల్సింది.

సరే, మరి చేతిలో ఏం ఉండాలి

సి భాష 1970ల మొదట్లో పుట్టింది. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ దాన్ని తయారుచేసిన పీడీపీ-11 మెషీన్‌లో మెమరీ కిలోబైట్లలో ఉండేది. మీ ఫోన్‌లో 4 జీబీ ఉంది. ఫోన్ సరిపోతుందా అనే అనుమానం అనవసరం.

ఆండ్రాయిడ్‌లో తేలికైన దారి సీఎక్స్ఎక్స్‌డ్రాయిడ్ యాప్. టైప్ చేయడం, బటన్ నొక్కడం, అంతే. పైథాన్‌కు అయితే పైడ్రాయిడ్ 3. కొంచెం లోతుకు వెళ్లాలనుకుంటే టర్మక్స్. ఎఫ్-డ్రాయిడ్ నుంచి గానీ గిట్‌హబ్ నుంచి గానీ తెచ్చుకుని క్లాంగ్ ప్యాకేజీ వేసుకుంటే లైనక్స్ టెర్మినల్‌లో నిజమైన కంపైలర్ మీ చేతిలో ఉన్నట్టే. డౌన్‌లోడ్ కొన్ని వందల ఎంబీ అవుతుంది, వైఫై ఉన్నచోట చేసుకోండి. షావోమీ, రియల్‌మీ ఫోన్లలో బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లను చంపేసే అలవాటు ఎక్కువ, కాబట్టి టర్మక్స్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో ఏ-షెల్ ఉంది. ఐఫోన్ వాడేవాళ్లు ల్యాప్‌టాప్ ధర గురించి ఇంత దూరం చదివి ఉండరనుకోండి.

ఒకసారి ఇన్‌స్టాల్ అయ్యాక ఇవి ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి. కాలేజీలు ఫోన్ వద్దనేది రీల్స్ చూస్తారని, కాపీ కొడతారని. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ల్యాబ్‌లో అందరి ఫోన్లూ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించి టేబుల్ మీద పెట్టించండి. నోటిఫికేషన్ బార్ కిందకి లాగితే విమానం బొమ్మ ఉందో లేదో తెలిసిపోతుంది. ముగ్గురికి ఒక సిస్టమ్ ఉన్న ల్యాబ్‌లో ఇది ఒక్కరోజులో అందరికీ ఒక్కో కంప్యూటర్ ఇచ్చినట్టు.

ఫోన్ కీబోర్డ్ మీద బ్రాకెట్లు, సెమికోలన్లు కొట్టడం నరకం, అందులో అనుమానం లేదు. ఓటీజీ అడాప్టర్, మామూలు యూఎస్‌బీ కీబోర్డ్ కొనండి. రెండూ కలిపి 600 లోపే వస్తాయి. బ్లూటూత్ కీబోర్డ్ అక్కర్లేదు, చార్జింగ్ గొడవ. టైప్-సి కేబుల్‌తో ఫోన్‌ను టీవీకి కలుపుదాం అనుకోకండి. బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఆ పోర్ట్ నుంచి డిస్‌ప్లే రాదు, కేబుల్ డబ్బులు దండగ. ఒక 200 పేజీల నోట్‌బుక్ కూడా పెట్టుకోండి, పట్టికలు గీయడానికి. ఈ మొత్తం సామాన్లలో నేను ఎక్కువ మార్కులు వేసేది దానికే.

ఫోన్‌తో నాలుగేళ్లూ గడవదు. ఫైళ్లు పెరిగాక, డేటాబేస్‌లు, ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి వచ్చాక చిన్న స్క్రీన్ కుదరదు. సెకండియర్‌లో, అది కూడా మీకు ఈ పని నచ్చిందని తేలాక కొనండి. అప్పుడైనా కొత్తదే కావాలని లేదు. సికింద్రాబాద్ సీటీసీలో కంపెనీలు మార్చేసిన పాత థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు 20 వేల చుట్టూ దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉందో లేదో చూడండి, బ్యాటరీ ఎంత అరిగిందో షాపులోనే చెక్ చేయించండి, కీబోర్డ్‌లో ప్రతి కీ నొక్కి చూడండి. ర్యామ్ తర్వాత పెంచుకునే స్లాట్ ఉన్న మోడల్ అయితే ఇంకో వెయ్యి ఎక్కువైనా అదే తీసుకోండి.